నారాయణపేటకు ఐదు దినాల తొవ్వ

హైదరాబాద్‌ల బస్సెక్కి కూసుంటే నారాయణపేటకు నాలుగు గంటలు, నడుమ చాయ్‌కి ఆపితే నాలుగున్నర. నాకు ఐదు దినాలు పట్టింది. తొవ్వ తెల్వక కాదు. ఫోన్ నా చేతిలకెల్లి దిగదు, అండ్ల మ్యాప్ ఉంటది. భయానికి పట్టినయ్ ఆ ఐదు దినాలు.

అటు దిక్కు పోనోళ్లు ఎవరన్న చదువుతరని రాస్తున్న. ఏడ ఏం తినాలె, ఏది ఎంత, మనుషులు ఎట్లుంటరు, నాకు కనబడ్డంత చెప్తా. కానీ ముందుగాల ఒక సంగతి చెప్పకపోతే మిగతాదంత అబద్ధమే అయితది.

నరేష్ అన్న నాకన్న ఐదేండ్లు పెద్ద. నందికొండల, అదే సాగర్ డ్యాం కట్టినప్పుడు కట్టిన ఊర్ల, కాలువ నీళ్లు చూసే కాంట్రాక్ట్ నౌకరి చేస్తుండె. నిరుడు ఎండకాలం మొదట్ల హాలియా రోడ్డు మీద బండి నడుపుకుంట పోతుంటే లారీ గుద్దింది. చెవుల ఇయర్‌ఫోన్ ఉండెనని పోలీసోళ్లు రాసుకున్నరు. ఫోన్ లారీ టైరు కింద పిండి పిండి అయింది. ఎవరితోని మాట్లాడుతుండెనో ఎవ్వరూ అడగలే. ఆఫీసోళ్లు చేసి ఉంటరని బాపు అనుకున్నడు.

నాతోని మాట్లాడుతుండె. నేనే చేసిన. కొట్లాడెతందుకు చేసిన. పదకొండు నిమిషాలు. ఆఖరుకు ఒక సప్పుడు వినబడ్డది. నా ఫోన్లకెల్లి ఆ కాల్ డిలీట్ చేసిన, ఎవ్వరికీ చెప్పలే.

అప్పటిసంది ఫోన్ మోగితే నాకు చెవుల గుయ్యిమంటది, చేతులు చల్లబడ్తయ్. మెసేజ్‌లు దినమంత పెడ్త, వీడియోలు చూస్త, ఫోన్ మాత్రం ఎత్తను. అన్నం ఆర్డర్ పెట్టుకుంటే, తెచ్చినాయన కింద నిలబడి ఫోన్ చేస్తడని ముందే పోయి గేటు కాడ నిలబడ్త. ఇంటర్వ్యూ ఫోన్లు రెండు పోయినయ్. ఇంట్ల దాన్ని పొగరు అంటరు. పొగరు అన్నరని నేను లొల్లి చేస్త. అట్ల నడుస్తాంది.

ఇగ పద్మ వదిన. అన్న పోయిన సాయంత్రమే ఆమె ఆయనకు మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ వేరే కాల్‌ల ఉన్నడని వచ్చింది. అన్న పోయినంక నారాయణపేటల తన తల్లిగారింటికి పోయి మగ్గం మీద కూసున్నది. మూడో నెలల నాకు మెసేజ్ పెట్టింది: "ఆ దినం ఆయన ఎవరితోని మాట్లాడుతుండె దివ్యా? నీకన్నీ చెప్తుండె కద. ఎవరన్న ఉండెనా?"

చూసిన. చూసినట్టు ఆమెకు గూడ కనబడ్డది. జవాబియ్యలే. అప్పటిసంది ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తది. మోగి మోగి ఆగిపోతది.

సంవత్సరీకానికి వదిన రాలే. మొగుని సంవత్సరీకానికి రాని పెండ్లాం ఏం పెండ్లామని అమ్మ అందరి ముంగట తిట్టింది. నేను మూలకు కూసొని ఫోన్ చూసుకుంట ఉన్న. ఆ వారమే బయల్దేరిన. వదిన ముంగట కూసొని, "నేనే" అని ఒక్క మాట చెప్పి రావాలె. అంతే పని.

మోత్కూర్

నారాయణపేట పడమటికి. నేనెక్కిన మొదటి బస్సు తూర్పుకు పోయింది. పెద్దమ్మను చూసి పోదామని నాకు నేనే చెప్పుకున్న. ఆడోళ్లకు బస్సు ఫ్రీ, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ చేతిల పెడ్తరు. భయపడెటోళ్లకు ఇంతకన్న సౌలతు ఏముంటది. ఎటన్న పోవచ్చు.

మోత్కూర్ చిన్నది, దుమ్ము ఎక్కువ. అంగడి దినం కావట్టి రోడ్డు సగం కూరగాయలే. దోసకాయలు కుప్పకు ఇరవై. సిటీల తూకం రాళ్ల మీద కొట్లాడెదాన్ని, ఈడ కుప్ప చూసి ఏమని కొట్లాడాలె? "ఇది కిలో ఉంటదా" అని అడిగితే అమ్మే అవ్వ నన్ను కింది నుంచి మీది దాక చూసి, ఉంటే ఉంటది లేకుంటే లేదు, తింటవా తూస్తవా అన్నది. నోరు మూసుకొని కొన్న.

పెద్దమ్మ సర్వపిండి చేసి పెట్టింది. బియ్యప్పిండి ముద్దను గిన్నె అడుగుకు ఒత్తి, నడుమ వేలితోని బొక్కలు పెట్టి, నూనె పోసి కాల్చుడు. అంచు కరకర, నడుమ మెత్తగ. మూడు తిన్న. తింటుంటే పెద్దమ్మ వదిన ముచ్చట ఎత్తింది. సంవత్సరీకానికి రాలేదంటే ఆ పిల్ల మనసుల ఏదో ఉన్నదే, ఊకె రాకుంట ఉండరు, అన్నది. నాలుగోది ఇస్తుంటే వద్దన్న. ఈడనే చెప్పి సూస్త అనుకున్న, ఒక్కసారి పెద్దమ్మ ముంగట నోరు తిరిగితే వదిన కాడ తిరుగుతది కద. "పెద్దమ్మా" అన్న. "ఏంది బిడ్డా" అన్నది. "ఉప్పు జర ఎక్కువైంది" అన్న. ఉప్పు సరిపోను ఉండె.

నల్లగొండ మీదికెల్లి నందికొండకు

తెల్లారి నల్లగొండ బస్టాండ్ల పాలమూరు దిక్కు పోయే బస్సు కోసం నిలబడ్డ. పక్కకు సాగర్ బస్సు వచ్చి ఆగింది. ఎక్కిన. ఎందుకంటే చెప్పలేను. పాలమూరు దాటితే నారాయణపేటనే కద మరి.

సీటు కోసం ఒకామెతోని లొల్లి పెట్టుకున్న. ఆమె దస్తీ ఏసి ఆపుకున్నది, దస్తీకి టికెట్ ఉన్నదా అని అడిగిన. నీకున్నదా టికెట్, నీదీ జీరోనే నాదీ జీరోనే అన్నది. బస్సంత నవ్వింది. ఆఖరుకు ముగ్గురం ఇరికి కూసున్నం, హాలియాల దిగేటప్పుడు ఆమె నాకు రెండు జామకాయలు ఇచ్చి పోయింది. సిటీల అయితే ఇద్దరం వీడియోలు తీసుకుంటుంటిమి.

హాలియా దాటినంక అన్న పోయిన జాగా వస్తది. ఏ మూల మీదనో నాకు ఎరుకే. తల ఫోన్ల పెట్టిన, రీల్స్ చూసుకుంట, ఒకటెన్క ఒకటి. ఒక కుక్కపిల్ల టబ్బుల తానం చేసేది నాలుగుసార్లు చూసిన. తల ఎత్తేసరికి డ్యాం గోడ కనబడ్తాంది.

నందికొండ మీరు చూడాలె. రోడ్లు సక్కగ, క్వార్టర్లు ఒక్క తీరు. సగం ఇండ్లు పెచ్చులూడి, సగం ఇండ్లకు కొత్త రంగులు. నీళ్ల దిక్కు పోతే గాలి వేరే ఉంటది. లాడ్జిల ఒక్కతే ఆడపిల్లకు రూం ఇయ్యమన్నరు. ఎందుకియ్యరో కాగితం మీద రాసియ్యమని గట్టిగ అడిగితే ఇచ్చిండ్రు. ఎనిమిది వందలు, వేడినీళ్లు లేవు.

డ్యాం తొవ్వల చేపలు వేంచి అమ్మే ఆమె ఉంటది. రాగండి ముక్కలు, పచ్చిమిర్చి, కరివేపాకు, పైన నిమ్మకాయ. ప్లేటు నూట ఇరవై. హైదరాబాద్‌ల మూడు వందలు పెట్టినా ఆ రుచి రాదు. తినుకుంట మాట కలిపిన. కాలువ ఆఫీసుల నరేష్ అని ఉండె, ఎరుకేనా అని అడిగిన. ఎరుకే అన్నది. మంచి పిలగాడు, ఆదివారం ఆదివారం పెండ్లానికి చేపలు కొంటవోతుండె, తల కావాలె ఆ పిల్లకు, తల లేకుంటే తినదు అన్నది.

తర్వాత ఆమె గొంతు తగ్గించింది. "ఎవతితోనో ఫోన్ మాట్లాడుకుంటనే పోయిండట కదనే. ఆ పిల్ల సామాన్లు సదురుకుంట ఏడ్సి చెప్పిందట. గింత చేప కొనుక్కపోయెటోడు గట్ల చేస్తడని ఎవరనుకుంటరు."

నేను నా ప్లేటు కింద కొట్టిన. నీకెవరు చెప్పిండ్రు, చూసినవా, సచ్చినోని మీద ఏది పడితే అది మాట్లాడుతవా అని అరిచిన. పక్కకు తినెటోళ్లు లేచి నిలబడ్డరు. ఆమె భయపడ్డది. నువ్వెవరు బిడ్డా అని అడిగింది.

ఆడ చెప్పొచ్చు. చెల్లెను, ఆ ఎవతినో నేనే, అని చెప్పొచ్చు. ఎరుకైనోళ్లం అని చెప్పి, డబ్బులు పెట్టి, లాడ్జికి వచ్చి తలుపేసుకున్న. అరిచెతందుకు నాకు గొంతు మస్తుగ ఉంటది. చెప్పెతందుకే ఉండదు.

దేవరకొండ అవతల

మూడో దినం సాగర్‌ల దేవరకొండ బస్సెక్కి, ఆడ పాలమూరు దిక్కు పోయే బస్సు మారిన. దేవరకొండల మిర్చి బజ్జి నాలుగు ఇరవై, ఉల్లిగడ్డ కోసి పైన ఏస్తరు. అది తినుకుంట ఎక్కిన. పదిహేను కిలోమీటర్లు పోయినంక బస్సు టైరు పగిలింది. స్టెప్నీ గూడ పగిలిందే ఉన్నది. ఎన్క వచ్చే బస్సు రెండు గంటలకు అన్నరు. కండక్టర్ మీద అరిచి అరిచి నాకే అలసట వచ్చి రోడ్డు దిగిన.

అటు చేన్లు, రాళ్ల గుట్టలు. పత్తి ఏరినంక కట్టె నిలబడి ఉన్నది. ఒక తాత గొర్లు తోలుకుంట వస్తుండె, వంద దాక ఉంటయ్. ఫొటోలు తీసుకోవచ్చా అని అడిగితే, అవేం వద్దంటయా బిడ్డా అన్నడు. పేరు మల్లయ్య. పాలమూరు దిక్కోడు, ఎండకాలం గొర్లను పట్టుకొని ఇటు వస్తడు. మందను చేన్ల పడుకోబెడితే పెంటికెలతోని చేనుకు బలం. అందుకని రైతులే ఫోన్లు చేసి పిలుస్తరట, నా చేన్ల మూడు దినాలు పెట్టు, నా చేన్ల నాలుగు దినాలు పెట్టు అని. వెనుకట కబురు తెచ్చే మనిషి ఉండెనట, ఇప్పుడు అన్నీ ఫోన్ మీదనే. ఆ దినం గూడ అక్కడి రైతు చేన్ల మంద పెట్టెతందుకే పోతాండు.

తొవ్వల చిన్న కాలువ, మోకాలు లోతు నీళ్లు. గొర్లు ఆగినయ్. వందకు వంద ఒకదాని మీద ఒకటి ఎక్కుకుంట అరుస్తున్నయ్, ఒక్కటి దిగదు. తాత కట్టె ఎత్తలే. నోటితోని ఏదో సప్పుడు చేసిండు. ఎన్కలకెల్లి ఒక నల్ల మేక గొర్లను నూక్కుంట వచ్చి నీళ్లల్ల దిగింది. దాని ఎన్క అన్నీ దుంకినయ్. గొర్లల్ల నాలుగు మేకలు పెట్టుకుంటరట, ఇందుకే.

"మేకకు భయం లేదా తాతా?" అని అడిగిన.

"ఎందుకుండదు. దాని చెవులు సూడు, ఎట్ల వణుకుతున్నయో. పోతది, గంతే."

కాలువ అవతల ఒక గొర్రె కుంటుతుంటే తాత దాన్ని పండబెట్టి, డెక్కల ఇరిగిన ముల్లు తీస్తాండు. ఒక చెయ్యి కాలు మీద, ఒక చెయ్యి ముల్లు మీద. మడత పెట్టిన గొంగడి నా పక్కకు ఉన్నది, దాని మీద ఆయన బటన్ ఫోన్. మోగింది.

జర ఎత్తు బిడ్డా, చేతులు ఖాళీ లేవు అన్నడు. నేను ఫోన్ దిక్కు చూసిన. చిన్న ఫోన్, సప్పుడు మాత్రం పెద్దది. చెయ్యి పోలే. మోగి ఆగింది. మల్ల మోగింది. ఎత్తు బిడ్డా, రైతు అయితడు అన్నడు. మల్ల ఆగింది.

తాత నవ్విండు. "ఫోన్ కరుస్తదా బిడ్డా?"

నాకు మండింది. నీ ఫోన్ నేనెందుకు ఎత్తాలె, నీ దగ్గర జీతముంటున్ననా అన్న. తాత ముఖం చిన్నగైంది. సరే తియ్యి బిడ్డా అని మల్ల ముల్లు మీదికి వంగిండు. అప్పటికే మంద ముంగటి చేన్లకు పోయింది.

ఇంక పావుగంటకు రైతు బండి మీద ఉరికొచ్చిండు. గట్టు అవతల బెండతోటకు పొద్దున్నే పురుగుమందు కొట్టిచ్చిండట. అటు రానియ్యకు అని చెప్పెతందుకే రెండుసార్లు ఫోన్ చేసిండట. తాత ముల్లు ఇడిచిపెట్టి ఉరికిండు. నేనూ ఉరికిన. ఐదారు గొర్లు తోటల ఉన్నయ్. మెడలు పట్టి గుంజి బయటికి తెచ్చినం. మిగతావాటికి ఏం కాలే. ఒక గొర్రె మాత్రం గంటల్నే కిందపడ్డది. నోట్ల నురగ, కాళ్లు కొట్టుకునుడు. తాత చింతపండు నీళ్లు పోసిండు, ఏదో ఆకు నలిపి పోసిండు. సాయంత్రం ఎండ ఉండంగనే పాణం పోయింది. సూడితోని ఉన్నది అది.

కుక్కలు తింటే అవి గూడ సస్తయని రైతు పార తెచ్చిండు, గుంత తీసినం. ఎన్క కాళ్లు నేను పట్టిన. సచ్చిన జీవాన్ని ముట్టుడు నాకు అదే మొదలు. ఇంక వెచ్చగనే ఉన్నది. మట్టి కప్పుతుంటే నా నోరు దానంతట అదే తెరుచుకున్నది. ఎందుకు ఎత్తలేదో చెప్పిన. అన్న, పదకొండు నిమిషాలు, వదిన, ఆదివారాలు, అన్నీ. తాత గుంత గట్టు మీద కూసొని విన్నడు. తిడ్తడనుకున్న. తిడితే బాగుండు అనుకున్న.

"ఆ పిల్లకు చెప్పినవా?" అని అడిగిండు.

"లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా. నేనేం జేసుకోవాలె దాన్ని."

లేచి గొర్ల కాడికి పోయిండు. ఎన్కకు చూడలే. నేను రోడ్డు మీదికి వచ్చి, అప్పుడొచ్చిన పాలమూరు బస్సెక్కిన. నా చెప్పుల మట్టి చూసి కండక్టర్ ఏదో అన్నడు. మొదటిసారి నేనేం అనలే.

పాలమూరు

మహబూబ్‌నగర్‌ను ఈడ అందరూ పాలమూరే అంటరు. కాలేజీ దోస్త్ హాస్టల్ రూంల పడ్డ. నాలుగో దినమంత ఆ ఊర్లనే. చూడాల్సినవి ఉన్నయట, నేను చూడలే. పొద్దున పదింటికి నారాయణపేట బస్సు పోయింది. పన్నెండింటికి ఒకటి పోయింది. రెండింటికి ఒకటి. బస్టాండ్ల బెంచీ మీద కూసొని అన్నీ లెక్కబెట్టిన. చాయ్ పది, ఉస్మానియా బిస్కెట్ ఐదు. ఏడు చాయ్‌లు తాగిన. ఎవరి కోసమే అని ఊడ్చే అమ్మ అడిగింది. బస్సు కోసం అన్న. మూడు పోయినయ్ కద అన్నది. నాలుగోది ఎక్కుతా అన్న. ఎక్కలే.

ఆ గొర్రె వెచ్చదనం నా చేతులకు ఇంక ఉన్నది. దానికోసమే కావొచ్చు, ఐదో దినం మొదటి బస్సెక్కిన.

నారాయణపేట

ఊర్ల దిగంగనే భాష మారుతది. కర్ణాటక పక్కనే కావట్టి ఒకే మాటల తెలుగు, కన్నడం కలిసి నడుస్తయ్. తొవ్వ అడిగితే మొదటిసారి అర్థం కాలే, రెండోసారి చేతులతోని చూపించిండ్రు. గల్లీల నడుస్తుంటే ఇండ్లల్లకెల్లి మగ్గాల సప్పుడు. టక టక, టక టక. గల్లీ చివర దాక నాకు తోడు ఆ సప్పుడే.

వదినోళ్ల ఇంట్ల మగ్గం గుంటల ఉంటది. నేలల గుంత తీసి అండ్ల కాళ్లు పెట్టి కూసుంటరు. వదిన నన్ను చూసింది, చెయ్యి ఆపలే. ఒక్కసారి గూడ ఫోన్ ఎత్తనిది ఇంటికే వచ్చిందా అన్నది. కట్టుకున్న చీరె మస్తు వదులుగ కనబడ్డది, తర్వాత అర్థమైంది, మనిషే చిక్కిపోయింది.

వదిన నాయిన నీళ్లిచ్చి, మగ్గం గురించి చెప్పబట్టిండు. అతిథికి ముందుగాల అదే చెప్తరు కావొచ్చు. ఈడ ఒక్కసారి దారాలు పోసుకుంటే ఎనిమిది చీరెలు. ఎనిమిదీ అయ్యేదాక కొయ్యరు. అందుకని నిలువు పోగు ఒక్కటి తెగినా, తెగిన కాడనే ఆపి ముడి ఏసుకోవాలె. చూడకుంట నేసుకుంట పోతే ఆ గీత అట్లనే పోతనే ఉంటది, ఒక చీరెల మొదలై ఇంకో చీరెలకు. మా పద్మ ఈడికొచ్చిన కొత్తల గట్లనే చేసింది, మూడు చీరెలు పోయినయ్ అన్నడు. ఆయన బయటికి పోయిండు.

నేను గుంత గట్టు మీద కూసున్న. ఫోన్ చేతిల ఉండె, పక్కకు పెట్టిన. నా చెవులు వణుకుతున్నయేమో అని నిజంగనే ముట్టి చూసుకున్న.

"నేనే వదినా" అన్న.

మగ్గం ఆగింది.

"ఆ దినం అన్నతోని ఫోన్ల ఉన్నది నేనే. వేరే ఎవ్వరూ లేరు. నేనే."

వదిన నా దిక్కు చూడలే. నేసిన బట్ట దిక్కు చూసుకుంట, ఎంతసేపు అని అడిగింది. పదకొండు నిమిషాలు అన్న. ఏం మాట్లాడినవ్ అని అడిగింది. నేను కోచింగ్ బంద్ చేసిన సంగతి అన్న బాపుకు చెప్పిండు, ఎందుకు చెప్పినవని కొట్లాడిన అన్న.

"ఆఖరుకు ఏమన్నడు?"

ఈడ అబద్ధం చెప్పొచ్చు. బస్సుల ఒక అబద్ధం తయారు చేసుకున్న గూడ, వదిన ఎదురు చూస్తాంది, జల్ది ఇంటికి పోవాలె అన్నడని. ఆ మాట నోటిదాక వచ్చింది. బెండతోట కాడ తాత ఉరికిన ఉరుకుడు యాదికొచ్చింది.

"బండి మీద ఉన్న, ఇంటికి పోయి చేస్త అన్నడు. ఫోన్ పెట్టినవంటే మల్ల జన్మల నీతోని మాట్లాడను అన్న నేను. అప్పుడు 'సరే, పెడ్తలేను, చెప్పు' అన్నడు. గదే ఆఖరు."

పక్కింటి మగ్గం నడుస్తనే ఉన్నది. వదిన గుంతల కాళ్లు అట్లనే పెట్టుకొని కూసున్నది. ఏడుస్తదేమో, లేచి కొడ్తదేమో, రెండిట్ల ఏదైనా సరే అనుకున్న.

"ఏడాది" అన్నది. "ఆయన ఫొటోకు ఒక్క దీపం పెట్టలే నేను. సంవత్సరీకానికి రాలే. మీ అమ్మ నన్ను తిట్టిందట కద, నువ్వు ఆడనే ఉంటివా?"

"ఉన్న."

"ఫోన్ చేతిలకెల్లి దించవు. ఒక్క మెసేజ్ పెట్టకపోతివి? 'నేనే' అని. రెండక్షరాలు."

భయమైంది వదినా అన్న. అది జవాబు కాదని ఇద్దరికీ ఎరుకే.

వదిన లేచి బీరువ ఎన్కకెల్లి అన్న ఫొటో తీసింది. గోడ దిక్కు తిప్పి పెట్టి ఉన్నది, వేలు మందం దుమ్ము. ఆమె చూడలే. నా ముంగట పెట్టి, నువ్వే తుడువు అన్నది. చున్నీతోని తుడిచిన. అన్న పెండ్లినాటి ఫొటో, వదిన ఉన్న సగం కోసేసి ఉన్నది. కోసిన అంచు మీద అన్న భుజం కాడ ఆమె వేళ్లు మాత్రం మిగిలినయ్.

అన్నం పెట్టకుంట పంపుడు ఆ ఇంట్ల లేదట. వాళ్ల నాయిన జొన్నరొట్టె, గురెళ్ల గింజల కారప్పొడి, పెరుగు పెట్టిండు. సిటీల జొన్నరొట్టె షుగర్ ఉన్నోళ్లు తింటరు, ఈడ అందరూ దినాం తింటరు, అరచేతుల కొడ్తుంటే ఆ సప్పుడు గూడ మగ్గం లెక్కనే ఉంటది. వదిన నాతోని కూసోలే. నేను తింటున్నంత సేపు మగ్గం కాడ చిక్కు తీస్తాంది. నేను చెప్పేటప్పుడు ఆమె చెయ్యి గుంజుకొని దారాలు తెగినయట. ఒక్కొక్క దాన్ని ఏరి ముడి ఏస్తాంది. సాయం చేస్త అన్న. నీకు రాదు అన్నది.

గడప కాడికి గూడ రాలే. ఆడనే కూసొని అన్నది: "ఇగ ఈడికి రాకు దివ్యా. నిన్ను చూస్తే నాకు ఓపిక ఉండదు. కానీ నేను ఫోన్ చేస్తే ఎత్తు."

తిరుగు తొవ్వ

నాలుగున్నర గంటలే పట్టింది. ఎటూ దిగలే. ఇంటికొచ్చి అమ్మకు, బాపుకు గూడ చెప్పిన. అమ్మ గోడకు ఒరిగి కూసున్నది. బాపు లేచి బయటికి పోయిండు. ఇంక నాతోని మాట్లాడలే. పళ్లెం నా ముంగట పెడ్తడు, మాట్లాడడు.

ఇట్ల తొవ్వ పోయొచ్చినోళ్లు మనసు తేలికైందని రాస్తరు. నాకు కాలే. చెప్తే భయం పోతదని ఎవరన్న అంటే నమ్మకుండ్రి. భయం ఆడనే ఉన్నది, దాని పక్కకు ఇంకొకటి వచ్చి కూసున్నది. ఫోన్ మోగితే ఇప్పటికీ చెవుల గుయ్యిమంటది.

ఆదివారం సాయంత్రం మోగింది. పద్మ వదిన అని పడ్డది. నాలుగుసార్లు మోగంగ ఎత్తిన.

అటు దిక్కు మగ్గం సప్పుడు లేదు. ఊపిరి సప్పుడు ఉన్నది. వదినా అన్న. ఏం చెప్పాలె వదినా అన్న.

"ఆయన ఫోన్ ఎత్తంగనే ఏమన్నడో ఆడికెల్లి చెప్పు. ఒక్క మాట ఇడవకుంట."

చెప్పిన. పదకొండు నిమిషాలు. ఆఖరు మాట కాడ ఆగిన. ఆమె మల్ల మొదటికెల్లి చెప్పమన్నది. అప్పటిసంది ప్రతి ఆదివారం మోగుతది, ప్రతి ఆదివారం ఎత్తుత. చెప్పుకుంట చెప్పుకుంట నేను నడుమల ఆగిపోత. అప్పుడు అటుకెల్లి ఆమె మెల్లగ అంటది:

"పెడ్తలేను. చెప్పు."